నజ్రాన్ గెలిచి ఉంటే? అరేబియాలో ఒక క్రైస్తవ రాజ్యం కథ

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకి ఇది రాతప్రతి. వినడానికి వీలుకాని వాళ్ళ కోసం, విన్నాక పేర్లు, సంవత్సరాలు మళ్ళీ చూసుకోవాలనుకునే వాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడేటప్పుడు దొర్లిన తడబాట్లు తీసేశాం, మిగతాదంతా అలాగే ఉంచాం.)

 

ఈసారి ఎపిసోడ్ ఒక శ్రోత అడిగిన ప్రశ్నతో మొదలైంది. ఆవిడ సౌదీలో నర్సుగా పని చేస్తున్నారు, గోదావరి జిల్లా మనిషి. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్ సారాంశం ఇది: "అన్నా, ఇక్కడ శుక్రవారం సెలవు రోజు నలుగురం ఒక గదిలో కూర్చుని తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటాం. పాట కూడా గొంతు తగ్గించే పాడుకుంటాం. ఒక్కోసారి అనిపిస్తుంది, ఈ దేశంలో ఒకప్పుడు మనవాళ్ళ చేతిలో అధికారం ఉండి ఉంటే ఎలా ఉండేదో అని. మీరు 'ఇలా జరిగి ఉంటే' అని ఎపిసోడ్లు చేస్తారు కదా, దీని మీద చేయండి."

నాకు ఈ ప్రశ్న విన్నప్పుడు ఒకటే మాట తట్టింది. అమ్మా, మీరు ఊహించమంటున్నది జరిగిపోయింది! నిజంగానే జరిగింది. మీరున్న దేశంలోనే, దక్షిణాన నజ్రాన్ అనే ఊరి చుట్టూ మొదలైంది ఆ కథ. ఒక చిన్న క్రైస్తవ సమాజం ఊచకోతకి గురైంది. రెండేళ్ళలో వాళ్ళ మతానికి చెందిన రాజు దక్షిణ అరేబియా మొత్తానికి రాజయ్యాడు. ఆ రాజ్యం దాదాపు 45 ఏళ్ళు నిలబడింది. తర్వాత మాయమైపోయింది.

కాబట్టి ఇవాళ మన "ఇలా జరిగి ఉంటే" కొంచెం వేరే రకం. అధికారం వస్తే ఎలా ఉండేదని ఊహించనక్కర్లేదు, వచ్చింది. అది ఎందుకు నిలవలేదు, నిలవాలంటే ఏది మారి ఉండాలి, అనేదే మనం చూడబోయేది.

ముందు ఊరు చూద్దాం

నేను ఖమీస్ ముషైత్‌లో పని చేసిన రోజుల్లో ఒకసారి నజ్రాన్ వెళ్ళాను. మూడు గంటల పైనే ప్రయాణం. కొండలు దిగి, ఎడారి అంచుకి వచ్చాక, ఉన్నట్టుండి ఖర్జూరపు తోటలు కనిపిస్తాయి. యెమెన్ సరిహద్దు పక్కనే. ఊరికి దక్షిణం వైపు అల్-ఉఖ్దూద్ అని పాత పట్నం శిథిలాలున్నాయి. పెద్ద పెద్ద రాళ్ళతో కట్టిన గోడలు. వాటి మీద గుర్రం, పాము, చెయ్యి బొమ్మలు చెక్కి ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడు మనుషులెవరూ లేరు. ఎండ, గాలి, ఆ రాళ్ళు, అంతే.

ఇప్పుడు ఏమీ లేనట్టు కనిపించే ఈ చోటు, ఒకప్పుడు అరేబియాలో డబ్బు తిరిగే కూడళ్ళలో ఒకటి. సాంబ్రాణి వ్యాపారం గుర్తుంది కదా, పాత ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. దక్షిణం నుంచి ఒంటెల మీద సాంబ్రాణి, సుగంధ ద్రవ్యాలు ఎక్కించుకుని వచ్చే బిడారులు నజ్రాన్ దగ్గర ఆగేవి. ఇక్కడే దారి రెండుగా చీలేది. ఒకటి వాయవ్యంగా మధ్యధరా సముద్రం వైపు, గాజా దాకా. ఇంకొకటి ఈశాన్యంగా పర్షియన్ గల్ఫ్ వైపు. రోమన్ సైన్యం కూడా క్రీస్తు పూర్వం 25లో ఈలియస్ గాలస్ నాయకత్వంలో ఇక్కడి దాకా వచ్చింది. నీళ్ళున్నాయి, వ్యవసాయం ఉంది, తోలు పని ఉంది, నేత ఉంది. మన చీరాలనో, పోచంపల్లినో తీసుకెళ్ళి ఒక పెద్ద జంక్షన్‌లో పెట్టారనుకోండి. అలాంటి ఊరు.

ఇలాంటి ఊళ్ళకి సరుకుతో పాటు నమ్మకాలు కూడా వస్తాయి. అయిదో శతాబ్దం మొదట్లో హయ్యాన్ అనే నజ్రాన్ వ్యాపారి కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళి, తర్వాత ఇప్పటి ఇరాక్‌లో ఉన్న హీరా పట్నంలో క్రైస్తవుడై, ఇంటికొచ్చి ముందు తన ఇంటి వాళ్ళకి చెప్పాడని ఒక తూర్పు క్రైస్తవ చరిత్ర గ్రంథం చెబుతుంది. అరబ్బు సంప్రదాయంలో ఫేమియూన్ అనే సాధువు కథ ఉంది. ఏ కథ నిజమో వదిలేయండి. రాయి మాత్రం అబద్ధం చెప్పదు. నజ్రాన్‌కి ఉత్తరాన హిమా అనే చోట బావుల దగ్గర కొండరాళ్ళ మీద వేల బొమ్మలు, రాతలు ఉన్నాయి. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అక్కడ ఫ్రెంచి, సౌదీ పరిశోధకులు కలిసి వెతికితే, క్రీస్తుశకం 470 నాటి ఒక శాసనం దొరికింది. అరబ్బీ లిపి అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటున్న దశలోది. దాని పక్కన శిలువ గుర్తు! అంటే, తేదీ ఉన్న అతి పాత అరబ్బీ రాతల్లో ఒకటి రాసినవాళ్ళు క్రైస్తవులు.

రాజు ఒక మతం, ఊరు ఇంకో మతం

అప్పుడు నజ్రాన్ మీద పెత్తనం హిమ్యార్ రాజులది. వాళ్ళ రాజధాని జఫార్, ఇప్పటి యెమెన్‌లో. ఈ రాజులు 380 ప్రాంతంలో పాత దేవతల్ని వదిలేసి ఒకే దేవుణ్ణి కొలవడం మొదలుపెట్టారు. వాళ్ళ మొగ్గు యూదుమతం వైపు. ఎందుకు? నమ్మకం ఉండొచ్చు, కాదనను. కానీ మ్యాప్ కూడా చూడండి. ఒక పక్క రోమ్, క్రైస్తవ సామ్రాజ్యం. ఎర్ర సముద్రానికి అవతల ఇథియోపియాలో అక్సూమ్, అదీ క్రైస్తవ రాజ్యమే. ఇంకో పక్క పర్షియా, జొరాస్ట్రియన్ మతం. మధ్యలో ఉన్న రాజు ఎవరి మతం తీసుకున్నా వాళ్ళకి చిన్న తమ్ముడైపోతాడు. యూదుమతం తీసుకుంటే ఎవరికీ తమ్ముడు కాదు.

అలాంటి రాజు కంటికి నజ్రాన్ క్రైస్తవులు ఎలా కనిపిస్తారు? ఇక్కడే మొత్తం కథకి తాళంచెవి ఉంది. వాళ్ళు అచ్చమైన అరబ్బులు, తరతరాలుగా అక్కడి వాళ్ళే. కానీ వాళ్ళ బిషప్పుని నియమించేది సిరియాలో ఉన్నాయన. వాళ్ళ మతమే సముద్రం అవతలి శత్రువు మతం. పన్ను కట్టే పౌరులా, పక్క రాజ్యానికి మనుషులా? ఈ అనుమానం ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా మైనారిటీల మెడ చుట్టూ తిరిగేదే.

అనుమానానికి ఆధారం కూడా దొరికింది. 519 ప్రాంతంలో అక్సూమ్ అండతో మఅదికరిబ్ యఅఫుర్ అనే క్రైస్తవుడు హిమ్యార్ సింహాసనం ఎక్కాడు. జఫార్‌లో ఇథియోపియా సైనికులు దిగారు. ఆ రాజు పోయాక 522లో యూసుఫ్ అనే ఆయన అధికారం తీసుకున్నాడు. అరబ్బు చరిత్రలో ఈయన పేరు ధూ నువాస్. వస్తూనే జఫార్‌లోని ఇథియోపియా దండుని చంపించాడు, చర్చి తగలబెట్టించాడు. తర్వాత ఎర్ర సముద్రం ఒడ్డున సైన్యం నడిపాడు. ఒక సేనాపతిని నజ్రాన్ దారులు మూసేయమని పంపాడు.

ఆ సేనాపతి హిమా దగ్గర కాపు కాస్తూ, 523లో, రాళ్ళ మీద రాయించిన శాసనాలు ఇవాళ్టికీ ఉన్నాయి. అప్పటివరకు జరిగిన దండయాత్రలో పన్నెండు వేల మందికి పైగా చచ్చారని, పదకొండు వేల మంది బందీలని, 2,90,000 పశువులు పట్టుకున్నామని గొప్పగా చెప్పుకున్నాడు. రాజుల లెక్కల్లో అతిశయం ఉంటుంది, మన శాసనాల్లో చూడలేదా? కానీ ఇంత చేశామని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదంటేనే అర్థం చేసుకోవాలి.

523 చివర్లో నజ్రాన్ లొంగిపోయింది. ఏమీ చేయనని రాజు మాట ఇచ్చాడని, ఊళ్ళోకి వచ్చాక మాట తప్పాడని క్రైస్తవ రాతలు చెబుతాయి. చర్చిలో మనుషుల్ని పెట్టి కాల్చారు. ఊరి పెద్ద హారిస్ బిన్ కఅబ్, బాగా వయసు పైబడిన మనిషి, ఆయన్ని తల నరికి చంపారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా పోయారు. ఈ సంగతి బయటికెలా వచ్చిందో తెలుసా? చంపినాయనే చెప్పాడు! 524 మొదట్లో హీరా రాజు ముంధిర్ ఎడారిలో విడిది చేసి ఉన్నాడు. రోమ్ రాయబారులూ అక్కడే ఉన్నారు. ధూ నువాస్ దూత ఉత్తరం తెచ్చాడు, నేనిలా చేశాను, నువ్వూ నీ రాజ్యంలో క్రైస్తవుల్ని ఇలాగే చెయ్యి అని. ఆ సభలో బేత్ అర్షామ్ బిషప్ సిమియోను ఉన్నాడు. ఆయన విన్నది విన్నట్టు రాసి పడమటికి పంపాడు. ఆ సిరియాక్ ఉత్తరం ఇప్పటికీ ఉంది.

ఖురాన్‌లో 85వ సూరాలో కందకం వాళ్ళ ప్రస్తావన వస్తుంది, విశ్వాసుల్ని నిప్పుల్లో పడేసిన వాళ్ళని నిందిస్తూ. చాలామంది ముస్లిం వ్యాఖ్యాతలు దాన్ని ఈ నజ్రాన్ ఘటనతోనే కలిపి చెప్పారు. ఉఖ్దూద్ అంటేనే కందకం. అంటే నజ్రాన్ క్రైస్తవుల చావు క్రైస్తవుల జ్ఞాపకంలో మాత్రమే మిగల్లేదు.

ఓడలొచ్చాయి

ఇప్పుడు రోమ్ చక్రవర్తి మొదటి జస్టిన్ ఏం చేశాడో చూడండి. నజ్రాన్ వాళ్ళది సిరియా మఠాల శాఖకి చెందిన క్రైస్తవం. అదే శాఖ వాళ్ళని జస్టిన్ తన సొంత రాజ్యంలో పదవుల్లోంచి తరిమేస్తున్నాడు, దేశం దాటిస్తున్నాడు. ఇంట్లో కొట్టేవాడు పక్కూరి వాళ్ళని కాపాడ్డానికి బయల్దేరాడన్నమాట. తనకి సైన్యం పంపే తీరిక లేదు. అలెగ్జాండ్రియా ద్వారా అక్సూమ్ రాజు కాలేబ్‌కి కబురు పెట్టాడు. కాలేబ్‌కి సైన్యం ఉంది, ఓడలు చాలవు. రోమ్ రేవుల నుంచి వ్యాపారుల ఓడలు పోగుచేశారు. గ్రీకు కథనం ప్రకారం మొత్తం డెబ్బై దాకా ఓడలు. ఆ సన్నాహాలు జరుగుతుండగా అదూలిస్ రేవులో ఉన్న ఒక వర్తకుడు తర్వాత పుస్తకం రాశాడు. ఆయనే కాస్మస్, మన మలబారు తీరంలో క్రైస్తవులున్నారని రాసిన మనిషి.

525లో కాలేబ్ దిగాడు. ధూ నువాస్ ఓడిపోయాడు. గుర్రంతో సహా సముద్రంలోకి దూకేశాడని అరబ్బు కథ. నజ్రాన్‌కి విముక్తి.

ఇక్కడ సంతోషపడి ఆగిపోతే బాగుండేది. కానీ హిమ్యార్ క్రైస్తవుల గురించి రాసిన ఒక సిరియాక్ గ్రంథంలో ఒక చిన్న విషయం ఉంది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అక్సూమ్ సైనికులు ఊళ్ళు పట్టుకుంటూ, కనిపించిన వాళ్ళని చంపుతున్నారు. యూదులా, క్రైస్తవులా, ఎవరని అడిగి కాదు. స్థానిక క్రైస్తవులకి వాళ్ళ భాష రాదు. మేమూ మీవాళ్ళమే అని చెప్పడానికి మాట లేదు. అందుకని చేతుల మీద శిలువ గుర్తు పొడిపించుకుని, చెయ్యి ఎత్తి చూపించి బతికి బయటపడ్డారట.

ఒక్క క్షణం ఆలోచించండి. నిన్నటిదాకా ఆ గుర్తు ఉంటే చావు. ఇవాళ ఆ గుర్తు లేకపోతే చావు. మరి శిలువ లేని చేతుల సంగతి? యూదులైనందుకు చచ్చిన మామూలు రైతులు, వ్యాపారులు, వాళ్ళు నజ్రాన్‌లో ఎవరినీ చంపలేదు కదా. వాళ్ళ కోసం ఉత్తరం రాసిన సిమియోను ఎవరూ లేరు. అధికారం చేతులు మారింది, అంతే. భయం ఇల్లు మారింది.

అబ్రహా రాజ్యం

కాలేబ్ వెళ్ళిపోతూ సుమ్యఫా అష్వా అనే స్థానిక క్రైస్తవుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాడు. గద్దె ఆయనది, కత్తులు మాత్రం వెనక ఉండిపోయిన ఇథియోపియా సైనికులవి. 531 ప్రాంతంలో జస్టీనియన్ చక్రవర్తి రాయబారిని పంపి రెండు కోరికలు కోరాడు. మీరు భారతీయుల దగ్గర పట్టు కొని మాకమ్మండి, పర్షియా వాళ్ళకి డబ్బు పోకుండా. రెండోది, పర్షియా మీద యుద్ధానికి రండి. రెండూ కుదరలేదు. భారతదేశం ఓడలు మొదట ఆగే రేవుల్లోనే పర్షియా వర్తకులు కూర్చుని సరుకంతా కొనేస్తున్నారని ప్రొకోపియస్ రాశాడు. మన దేశపు సరుకు కోసం మన ప్రమేయం లేకుండా ఎన్ని రాజ్యాలు కొట్టుకున్నాయో చూడండి!

కొన్నాళ్ళకి ఆ సైనికులే తిరగబడి సుమ్యఫాని బందీ చేసి, తమలో ఒకణ్ణి రాజుని చేశారు. ఆయనే అబ్రహా. ఒకప్పుడు అదూలిస్‌లో రోమన్ వర్తకుడి దగ్గర బానిసగా ఉన్నవాడని ప్రొకోపియస్ చెబుతాడు. కాలేబ్ రెండుసార్లు సైన్యం పంపాడు. మొదటి సైన్యం వచ్చి అబ్రహా పక్షంలో చేరిపోయింది! రెండోది ఓడిపోయింది. ఇక కాలేబ్ వదిలేశాడు.

ఇదిగో, మన శ్రోత అడిగిన "ప్రాంతీయ శక్తి" ఇదే. 548లో మారిబ్ ఆనకట్ట తెగితే అబ్రహా బాగు చేయించి పెద్ద శాసనం వేయించాడు. కరుణామయుడైన దేవుడు, ఆయన మెస్సయ్య, పరిశుద్ధాత్మ పేర్లతో మొదలవుతుంది అది. మధ్యలో తెగుళ్ళు వచ్చి పని ఆగిందని, కూలీలకి ఎంత పిండి, ఎన్ని ఖర్జూరాలు, ఎన్ని పశువులు ఖర్చయ్యాయో లెక్క రాయించాడు. మన దగ్గర చెరువు తవ్వించిన శాసనాలు చదివిన వాళ్ళకి ఈ ధోరణి బాగా తెలుసు. ఆ సందర్భానికి అక్సూమ్, రోమ్, పర్షియా, మూడు చోట్ల నుంచీ దూతలొచ్చారు. అప్పటి ప్రపంచంలోని పెద్దలందరూ ఆయన్ని రాజుగా ఒప్పుకున్నట్టే.

552లో మధ్య అరేబియా మీద దండయాత్ర. నజ్రాన్‌కి ఉత్తరాన మురైఘాన్ బావుల దగ్గర కొండ మీద ఆ శాసనం ఉంది, సౌదీ గడ్డ మీదే. అక్కడే ఈ మధ్య దొరికిన ఇంకో శాసనంలో, అబ్రహాకి లొంగిన చోట్ల జాబితాలో యథ్రిబ్ పేరు కూడా ఉంది. యథ్రిబ్ అంటే తర్వాతి మదీనా! మన కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు తొలి తెలుగు శాసనం వేయించింది సుమారు 575లో. అంటే తెలుగు రాతిమీదికి ఎక్కడానికి ఒక తరం ముందు, అరేబియాలో ఈ క్రైస్తవ రాజు తన విజయాలు చెక్కిస్తున్నాడు.

సనాలో ఆయన కట్టించిన పెద్ద చర్చి పేరు అల్-ఖలీస్, గ్రీకులో చర్చికి వాడే ఎక్లేసియా మాట నుంచి వచ్చింది. ఇక ఏనుగు సంవత్సరం కథ, అంటే అబ్రహా ఏనుగుతో మక్కా మీదికి వెళ్ళి భంగపడిన కథ, ముస్లింలందరికీ తెలుసు. ఖురాన్‌లో 105వ సూరా ఏనుగు పేరు మీదే ఉంది. సంప్రదాయం దాన్ని 570 ప్రాంతంలో పెడుతుంది. శాసనాల లెక్క చూసే చరిత్రకారులు అబ్రహా కాలం అంతకు ముందే ముగిసిందంటారు.

ఇప్పుడు ఊహలు: మూడు "అయితే"లు

మొదటిది. ఓడలు రాకపోయి ఉంటే? హిమ్యార్ యూదు రాజ్యంగానే కొనసాగి, పర్షియా వైపు ఒరిగేది. నజ్రాన్‌లో మిగిలినవాళ్ళు తలవంచుకుని బతికేవాళ్ళు, లేదా ఉత్తరానికి పోయేవాళ్ళు. అధికారం మాత్రం వచ్చేది కాదు. ఇందులో పెద్దగా అనుమానం లేదు.

రెండోది. కాలేబ్ గెలిచాక, నజ్రాన్ వాళ్ళనే రాజుల్ని చేసి ఉంటే? నాకు బాగా ఇష్టమైన ఊహ ఇది. వాళ్ళకి డబ్బుంది, వంశం పేరుంది, నాలుగు దిక్కులా చుట్టరికాలున్నాయి. అరబ్బు తెగలతో వాళ్ళ భాషలో మాట్లాడగలరు. అయితే సొంత సైన్యం లేదు. ఊరు సగం తగలబడి ఉంది. గద్దె ఎక్కినా సుమ్యఫాకి పట్టిన గతే పట్టేది. కాపలాకి పెట్టుకున్నవాడి దయ మీద బతికే రాజు ఎంతకాలం రాజు?

మూడోది. అబ్రహా వంశం నిలిచి ఉంటే? ఈ ఊహకి బలం ఉంది, ఎందుకంటే అబ్రహా పాత యజమానిని వదిలించుకున్నాడు, అందరితో సంధి చేసుకున్నాడు. కానీ ఆయనకి ఎదురైనవి కత్తితో గెలిచేవి కావు. ఒకటి ప్లేగు. 541లో ఈజిప్టులో బయటపడి ప్రపంచాన్ని ఊపేసిన మహమ్మారి కాలం అది, మారిబ్ శాసనంలోని తెగులు కూడా అదేనని చాలామంది అంటారు. రెండోది నీళ్ళు. ఒమన్‌లోని హోటీ గుహలో పెరిగిన సున్నపు రాయి పొరల్ని పరీక్షించి 2022లో శాస్త్రవేత్తలు చెప్పారు, ఆరో శతాబ్దం మొదటి భాగంలో దక్షిణ అరేబియాలో తీవ్రమైన కరువులు వచ్చాయని. ఆనకట్ట మీద బతికే రాజ్యానికి అంతకంటే శాపం ఏముంది? మూడోది, అన్నిటికంటే ముఖ్యమైంది, జనం కంటికి వాళ్ళు ఎప్పటికీ బయటివాళ్ళే.

అబ్రహా తర్వాత కొడుకులు యక్సూమ్, మస్రూఖ్ ఏలారు. వాళ్ళని దించడానికి సైఫ్ బిన్ ధీ యజన్ అనే స్థానిక ప్రభువు ఏం చేశాడంటారు? పర్షియా చక్రవర్తి దగ్గరికెళ్ళి సైన్యం అడిగాడు! జైళ్ళలోంచి తీసిన ఎనిమిది వందల మందిని ఓడలెక్కించి పంపారని అరబ్బు కథ. 570 దశకంలో పర్షియా సేనాని వహ్‌రిజ్ వచ్చాడు, ఇథియోపియా వాళ్ళని ఓడించాడు. కొన్నేళ్ళకి ఆ దేశం పర్షియా గవర్నర్ల చేతిలోకి పోయింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు.

మనకిది కొత్తా? 1757లో బొబ్బిలి మీదికి విజయనగరం విజయరామరాజు ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల్ని తోడు తెచ్చుకున్నాడు. బొబ్బిలి కోట కూలింది. రాజుగారు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. పదేళ్ళు తిరక్కుండా ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చాయి. పక్కింటివాడి మీద కోపంతో తెచ్చుకున్న ఫిరంగి తిరిగి వెళ్ళదు.

నజ్రాన్ ఏమైంది?

ఇది చాలామంది చెప్పకుండా వదిలేసే భాగం. అబ్రహా రాజ్యం పోయింది, పర్షియా వచ్చింది. నజ్రాన్ క్రైస్తవులు మాత్రం ఉన్నారు! ఏ సైన్యం అండా లేకుండా, నేత నేసుకుంటూ, వ్యాపారం చేసుకుంటూ, బిషప్పుని పెట్టుకుని ఉన్నారు.

631 ప్రాంతంలో వాళ్ళ ప్రతినిధులు మదీనా వెళ్ళారు. అరవై మంది అని ఇబ్న్ ఇస్‌హాఖ్ రాశాడు. ఊరి వ్యవహారాలు చూసే పెద్ద, ప్రయాణాలు చూసే పెద్ద, బిషప్పు, ముగ్గురు నాయకులు. ప్రార్థన వేళైతే ప్రవక్త మసీదులోనే తూర్పు ముఖంగా నిలబడి ప్రార్థన చేసుకున్నారని, చేసుకోనివ్వండని ప్రవక్త ముహమ్మద్ అన్నారని అదే చరిత్ర చెబుతుంది. మతం మీద వాదన జరిగింది, ఒప్పుకోలేదు. చివరికి ఒప్పందం రాసుకున్నారు. ఏడాదికి 2,000 వస్త్రాలు, రెండు విడతల్లో ఇవ్వాలి. బదులుగా వాళ్ళ ప్రాణం, ఆస్తి, చర్చిలు, పూజారులు వాళ్ళకే ఉంటాయి. కప్పం బంగారంలో కాదు, వాళ్ళు చేతులతో నేసే బట్టలో! నేతపని వాళ్ళ గౌరవాన్ని నిలబెట్టింది.

అదీ శాశ్వతం కాలేదు. 640 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ కాలంలో వాళ్ళని ఇరాక్‌కి తరలించారు. కారణాలు రకరకాలుగా చెబుతారు. అక్కడ భూములిచ్చారు. కూఫా దగ్గర వాళ్ళు కట్టుకున్న ఊరికి నజ్రానియ్యా అని పేరు పెట్టుకున్నారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు. ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఉమయ్యద్ ఖలీఫా రెండో ఉమర్ లెక్క తీయిస్తే పదో వంతే మిగిలారు. ఆయన న్యాయంగా 2,000 వస్త్రాల్ని 200కి తగ్గించాడు. ఒక సమాజం కరిగిపోవడం అంటే ఏంటో ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది.

అడిగిన ఆవిడకి నా జవాబు

లెక్క వేసి చూడండి. కత్తి పట్టిన క్రైస్తవ రాజ్యం దాదాపు 45 ఏళ్ళు. కత్తి లేని నజ్రాన్ సమాజం, హయ్యాన్ కాలం నుంచి తరలింపు దాకా, రెండు వందల ఏళ్ళ పైన. రాజ్యం వచ్చినప్పుడు కూడా నజ్రాన్ వాళ్ళు రాజులు కాలేదు. వాళ్ళ పేరు చెప్పి ఇంకెవరో రాజులయ్యారు. ఆ తర్వాత పర్షియా వచ్చినప్పుడు, మీరు ఆ ఇథియోపియా వాళ్ళ తాలూకా కదా అని వాళ్ళ వైపు ఎంతమంది వేలు చూపించి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

దీని అర్థం తలవంచుకుని పడి ఉండమని కాదు, దయచేసి అలా వినకండి. 523లో వాళ్ళకి వేరే దారి ఏముంది? చర్చిలో మనుషులు కాలుతుంటే ఓడలు వద్దని ఎవరంటారు? నేనైనా రమ్మనే అంటాను. నేను చెప్పేది ఒక్కటే. కాపాడ్డానికి వచ్చిన బలం వేరు, మన బలం వేరు. అది మనదే అనుకున్న రోజు నుంచి లెక్క తప్పుతుంది. నజ్రాన్ వాళ్ళకి నిజంగా పనికొచ్చింది పక్కవాళ్ళతో సమానంగా కూర్చుని రాయించుకున్న కాగితం. ఆ కాగితం కూడా ఒక పదేళ్ళే నిలబడింది, కాదనను. అందుకే అలాంటి కాగితాన్ని నిలబెట్టే పని ఏ దేశంలోనైనా మెజారిటీ వాళ్ళదే, మైనారిటీలది కాదు. మనం మన ఊళ్ళో మెజారిటీగా ఉన్నప్పుడు ఈ మాట గుర్తుంచుకుంటే చాలు.

అమ్మా, వీలైతే ఒకసారి నజ్రాన్ వెళ్ళిరండి. అల్-ఉఖ్దూద్ గోడల దగ్గర కాసేపు నిలబడండి. అక్కడ మీ గొంతు తగ్గించిన పాట లాంటివే ఎన్నో పాడిన మనుషులు బతికారు. వాళ్ళలో చాలామంది రాజ్యం కోరుకోలేదు, ఆదివారం పాడుకుని సోమవారం మగ్గం మీద కూర్చుందామనుకున్నారు, అంతే.

ఈ ఎపిసోడ్ మీద మీ అభిప్రాయాలు, ముఖ్యంగా ఒప్పుకోని అభిప్రాయాలు, పంపండి. రెండో "అయితే" దగ్గర నేను నజ్రాన్ వాళ్ళని తక్కువ అంచనా వేశానని మీకనిపిస్తే, ఎందుకో చెప్పండి. బలమైన వాదనలు వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. వచ్చేసారి ఎర్ర సముద్రం దాటి అక్సూమ్‌కే వెళ్దాం. అంత పెద్ద రాజ్యం ఎలా కనుమరుగైందో చూద్దాం.

అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను.